మా మావగారి కారు, మా అత్తగారి రూలు

మా ఇంట్లో ఇద్దరు ముసలోళ్ళున్నారు. ఒకరు మా ఆయన, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనారు. రెండోది మా మావగారి కారు. తెల్లారితే ఇద్దరూ దగ్గుతారు. నూనె పడకపోతే ఇద్దరికీ కీళ్ళు కదలవు. తేడా ఏటంటే, కారు దగ్గితే మా ఆయన పరిగెత్తుకెళ్ళి చూస్తారు. మా ఆయన దగ్గితే కారు చూడదు గదా, నేనే చూడాలి.

ఆ కారు ఈ దేశంలో తెల్లదొరలున్నప్పటిది. మావగారు వయసులో ఉన్నప్పుడు రైల్వే బంగళాలో ఉండే గార్డు ఒకాయన ఊరొదిలి పోతూ పోతూ దాన్ని పెరట్లో వదిలేస్తే, అందులో కోళ్ళు గుడ్లు పెట్టుకునేవట. మావగారు అటు వెళ్ళి డోరు పక్కన ఏదో మీట కదిపినారట. టక్కుమని ఎర్రటి చెయ్యి ఒకటి బయటికి లేచింది, అచ్చం స్టేషన్ దగ్గర సిగ్నల్ లాగ. ఇండికేటర్ దీపాలు రాకముందు కొన్ని కార్లు ఎటు తిరిగేదీ ఆ చేత్తోనే చెప్పేవి. అంతే, రైల్వే మనిషి గదా, ఆ చెయ్యి చూసి పడిపోయినారు. కోళ్ళని దింపి, కారుని ఎద్దుబండికి కట్టి, బెంగాలీ వాళ్ళ ఈ రైల్వే ఊళ్ళో మా పేట ఖరిదాకి తెచ్చేసినారు. "నన్ను సూడ్డానికొచ్చినప్పుడు కూడా మీ మావ అంతసేపు సూడలేదే" అనేవారు మా అత్తగారు.

ఇంక దాన్ని చూసుకున్న తీరు వినాలి. కారునెలా చూసుకోవాలో మావగారికి తెలీదు, రైలుపెట్టెనెలా చూసుకోవాలో తెలుసు. అందుకని దానికి రైలుపెట్టె మర్యాదలన్నీ చేసినారు. గోల్‌బజార్లో రంగుల కొట్టు దగ్గర నిలబడి రైలుపెట్టె రంగు వచ్చేదాకా కలిపించి పూసినారు. కిటికీ అద్దం పైకి లాగడానికి పాత పెట్టెల్లో ఉండేలాంటి తోలు పటకా కుట్టించినారు. సీట్లకి బెర్తు మీద వేసే ఆకుపచ్చ రెక్సిను. ఎక్కేటప్పుడు కాలు పెట్టుకునే పలక మీద తెల్లరంగుతో 'ఫుట్‌బోర్డు మీద ప్రయాణం ప్రమాదకరం' అని తెలుగులో, హిందీలో, బెంగాలీలో రాసినారు. ఆ ఫుట్‌బోర్డు మీద ఎవరు ప్రయాణం చేస్తారో ఆ దేవుడికే తెలియాలి. బండి కదిలితేగదా.

తండ్రి పోయినాక మా ఆయన అదే దారి. రైల్వేలో బాగులేని వేగన్ని 'సిక్' అని రాసి పక్క లైన్లో పెడతారు. మా ఆయన కూడా ఒక రేకుముక్క మీద 'సిక్' అని రాసి ఉంచుకున్నారు. సైలెన్సర్లో ఏదో టకటకమన్నా చాలు, ఆ రేకు బోనెట్టుకి తగిలించి మూడుపూటలా వెళ్ళి పలకరిస్తారు. నాకు జ్వరమొస్తే మాత్రం "పడుకో, తగ్గిపోద్ది" అంటారు. ఒకసారి ఒళ్ళు మండి ఆ రేకు తెచ్చి నా మెడకే తగిలించుకున్నాను. అప్పుడు లేచి కాఫీ పెట్టినారు.

ఇదంతా ఇలగ సాగిపోకుండా మా అత్తగారు ఎప్పుడో ఒక రూలు పెట్టినారు. విశ్వకర్మ పూజ రోజున కారు తనంతట తాను గేటు దాటాలి. తొయ్యడం లేదు, తాడు కట్టి లాగడం లేదు. దాటిందా, హారతిచ్చి ఇంకో ఏడాది ఇంట్లో ఉండనిస్తారు. దాటలేదా, కండెమ్. ఎవరడిగితే వాళ్ళకిచ్చి షెడ్డు ఖాళీ. మావగారు తలూపినారు, ఏల ఊపరు, ఏడాదికోసారే గదా. ఆ రోజు అత్తగారు పట్టుచీర కట్టి, హారతి పళ్ళెం పట్టుకుని గేటు దగ్గర టికెట్ కలెక్టర్ లాగ నిలబడేవారు. ఏడాదంతా సిక్ అయినా ఆ ఒక్కరోజూ కారు ఎలాగో దాటేసేది. అత్తగారు పోయేముందు ఆ పళ్ళెం నా చేతికిచ్చి, "రూలు మరవకే. మగోళ్ళకి బండి ఉండాల, బండికి రూలుండాల" అన్నారు.

నాకు ఆ రూలంటే ఇంకో ఆశ కూడా ఉండేది. మా వంటిల్లు ఎంతంటే, నేను కత్తిపీట వేసుకుని కూకుంటే పిల్లి కూడా దాటలేదు. ఆ గోడకి అవతలే కారు షెడ్డు. గోడ పగలగొడితే గట్టు వేసుకోవచ్చు, కిటికీ పెట్టుకోవచ్చు, నలుగురు కూకుని తినొచ్చు. ప్రతి ఏడూ పళ్ళెం పట్టుకుని నిలబడ్డప్పుడు ఒక కన్ను కారు మీదా, ఒక కన్ను ఆ గోడ మీదా ఉండేది. ప్రతి ఏడూ ఆ మాయదారి కారు దాటేసేది.

ఈ ఏడు వానల్లో కలకత్తా నుంచి ఒక పెద్దమనిషి వచ్చినారు. మా వీధిలో ఎవరో కారు ఫోటో తీసి ఫోనులో పెడితే అది తిరిగి తిరిగి ఆయన దగ్గరికి చేరిందట. పాత కార్లు పోగుచేయడం ఆయనకి పిచ్చి. బెంగాలీ ఆయన, నన్ను బౌదీ బౌదీ అని, అంటే వదినా వదినా అని, మాటకి ముందొకసారి వెనకొకసారి పిలుస్తారు. చేతిలో టార్చిలైటు, చిన్న అద్దం. షెడ్డులోకి వెళ్ళగానే చెప్పులు విడిచినారు. చెప్పులు విడిచినందుకే మా ఆయన సగం పడిపోయినారు.

"పాత కారుని పోల్చుకోవాలంటే రంగు చూడకూడదు బౌదీ, రంగు అబద్ధం చెబుతుంది" అని మొదలెట్టినారు. దీపాలు ఒంట్లో కలిసిపోకుండా మడ్‌గార్డుల మీద వేరేగా, కప్పకళ్ళ లాగ నిలబడి ఉన్నాయి చూడండి అన్నారు. బోనెట్టు ఒక మూతలాగ కాకుండా రెండు పక్కలా రెక్కల్లాగ లేస్తుంది చూడండి అన్నారు. ముందర జాలీ కింద హేండిలు పెట్టే కన్నం, చక్రాలకి సైకిలు చువ్వల్లాంటి చువ్వలు, అన్నీ వేలుపెట్టి చూపించినారు. ఇంజిను మీద గుద్దిన నెంబరునీ చాసిస్ మీద నెంబరునీ అద్దం పెట్టి చదివి, రెండూ ఒక్కటేనని ముద్దు పెట్టుకోబోయినారు. ఇన్నేళ్ళూ ఆ షెడ్డు పక్కనే పప్పు వండినాను గానీ, అందులో అంత చూడ్డానికి ఉందని నాకు తెలీదు. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగానే అనిపించింది, పైకి అనలేదు.

తరవాత తోలు పటకా చూసినారు. ఆకుపచ్చ సీటు చూసినారు. ఫుట్‌బోర్డు మీద మూడు భాషల్లో రాసింది చదివి, అక్కడే గొంతుక్కూర్చుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలాగ నవ్వినారు. "దాదా, ఇంజినూ చాసిసూ విలాయతీ. మిగతాదంతా రైల్వే!" అన్నారు మా ఆయనతో.

నవ్వడం అయినాక అసలు మాట అన్నారు. కారు తనకిస్తే రైల్వే అంతా ఊడదీసి, పుట్టినప్పుడెలా ఉందో అలాగ చేసి, మిగతా కార్ల పక్కన చల్లటి షెడ్డులో పెట్టుకుంటారట. మా ఆయన తుడిచిన దీపాన్నే మళ్ళీ తుడుస్తూ నిలబడినారు. నేనే మా రూలు చెప్పినాను. ఆయనకి తెగ నచ్చేసింది. "పూజకి నేనూ వస్తాను బౌదీ. దాటితే దండం పెట్టి వెళ్ళిపోతాను. దాటకపోతే మర్నాడు లారీ తెస్తాను." నేను ఠీక్ హై అన్నాను. మా ఆయన ఆ పూట టీ చల్లార్చేసినారు.

ఆ రోజునుంచి మా ఇంట్లో కారుకి పెళ్ళిపనులు. నేను చట్నీ చేసుకునే గిన్నెలో కార్బొరేటరు కిరసనాయిల్ స్నానం చేసింది. ప్లగ్గులు ఊడి, గరుకు కాగితంతో పాలిష్ అయి, మళ్ళీ బిగించుకున్నాయి. పెట్రోలు గొట్టం ఊదినారు, తైలాలు మార్చినారు, చక్రాల చువ్వలు ఒక్కొక్కటీ మీటి మోత విన్నారు. నేను గుమ్మంలో నిలబడి, "ఏటండీ, పెళ్ళికూతురికి గోరింటాకు పెట్టలేదేటి?" అంటే నవ్వలేదు మనిషి. రాత్రుళ్ళు అన్నం కూడా సరిగ్గా తినలేదు. రిటైరైన రోజు దండలేయించుకుని ఇంటికొచ్చి, తిన్నగా షెడ్డులోకెళ్ళి ఆ సీట్లో కూకున్న మనిషి. మర్నాడు పొద్దున్న వర్క్‌షాపు సైరన్ మోగినప్పుడు వెళ్ళడానికి ఆయనకి ఆ షెడ్డు తప్ప ఇంకేటుంది? అది నాకు తెలుసు. తెలిసీ ఠీక్ హై అన్నాను, వంటిల్లు మరి.

పూజకి ముందురోజు సాయంత్రం పనిముట్లన్నీ కడిగి పూజలో పెట్టడం మా వాళ్ళ ఆచారం. స్పానర్లు, సుత్తులు, ఆకురాళ్ళు అన్నీ ఎర్రగుడ్డ మీద దేవుడి ముందు పేరుస్తారు. పసుపు, బొట్టు, పువ్వు. ఒకసారి మంత్రం పడినాక మర్నాటిదాకా వాటికి సెలవు, ఎవరూ ముట్టకూడదు. ఊళ్ళో ఏ షెడ్డులో అయినా ఇదే. ఆ సాయంత్రం మా ఆయన నా చింతపండు పట్టుకెళ్ళి ఏదో తోముతున్నారు, పట్టించుకోలేదు. కలకత్తా ఆయన చూస్తారు గదా అని, ఎప్పుడూ సీటు కింద పడుండే హేండిలుని కూడా తోమి తళతళలాడించి, స్పానర్ల మధ్యన మూలవిరాట్టు లాగ నిలబెట్టినారు. ఇంజిన్ని చేత్తో తిప్పి లేపే హేండిలు అది.

పూజనాడు పొద్దున్నే వాన తెరిపిచ్చింది. వీధి చివర మైకు, పైన గాలిపటాలు, ఆ ఒక్కరోజు అందర్నీ లోపలికి వదిలే వర్క్‌షాపు చూడ్డానికి వెళ్ళే జనం. పురోహితుడుగారికి ఆ రోజు ఊరంతా గరాజులే, మంత్రాలు మెయిల్ బండి లాగ లాగించేసి ఇంకో షెడ్డుకి పోయినారు. కలకత్తా ఆయన తెల్ల పంచె కట్టుకుని దిగినారు. ఎదురింటి బాబాయి, ఇంజిన్ డ్రైవరుగా చేసి రిటైరైనాయన, పచ్చజెండా పట్టుకుని గేటు బయట నిలబడినారు. ఏటా ఆయన జెండా ఊపితేగానీ కారు కదలకూడదు. నేను అత్తగారి పట్టుచీరే కట్టుకుని పళ్ళెం పట్టుకున్నాను.

మా ఆయన దండం పెట్టి, ఎక్కి, స్టార్టరు నొక్కినారు. కారు కుయ్యిమని మూలిగి ఊరుకుంది. మళ్ళీ నొక్కినారు. ఈసారి అదీ లేదు. వారం రోజుల ముసురులో బేటరీ నీరసించిపోయింది. కార్బొరేటరుకి స్నానం చేయించిన మనిషి బేటరీ సంగతి మరిచిపోయినారు.

"ఏటి పర్లేదురా, స్పార్కుకి ఆ బేటరీ సాల్తాది. దిగి హేండిలు కొట్టు" అన్నారు బాబాయి.

మా ఆయన దిగినారు. సీటు కిందకి చెయ్యి పోనిచ్చినారు. అప్పుడు గుర్తొచ్చింది. తలెత్తి దేవుడి వైపు చూసినారు. ఎర్రగుడ్డ మధ్యలో, పసుపు బొట్టుతో, మందారపువ్వు పెట్టుకుని నిగనిగలాడతా ఉంది హేండిలు. ఆ ముఖం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతులారా తీసుకెళ్ళి పెట్టినారు గదా!

ఇంక మొదలైంది వీధిలో సభ. హేండిలు పనిముట్టా, కారులో భాగమా? పనిముట్టే, చేత్తో పడతాం గదా అన్నారు బాబాయి. కాదు, కారుతో కలిసి ఫేక్టరీలో పుట్టింది గనక కారుకి అవయవం అన్నారు కలకత్తా ఆయన. అనకపోతే కారు ఆయనదే, అయినా అన్నారు, అందుకే ఆయనంటే నాకు అప్పటినుంచి గౌరవం. ఒడియా కూరలమ్మి తట్ట దించి, దేవుడి ముందు పెట్టినాక అది దేవుడిదేనంది. పక్కింటి దీదీ పురోహితుణ్ణి ఫోనులో అడగమంది. ఆయన ఫోను ఎత్తలేదు.

"పోనీ తీసెయ్యండి దాదా, నాకైతే తప్పు కనపడలేదు" అన్నారు కలకత్తా ఆయన.

మా ఆయన తల అడ్డంగా ఊపినారు. "మా నాన్న ఈ రోజున స్క్రూడ్రైవరు కూడా ముట్టలేదు. నాను ముట్టను. మంత్రం పడిపోనాది. పోతే పోనాది, మీరు రేపు లారీ తెచ్చుకోండి." అనేసి, ఫుట్‌బోర్డు మీద, ఆ ప్రమాదకరం అన్న అక్షరాల మీదే, కూలబడిపోయినారు. పక్కనున్న చక్రం చువ్వ మీద చెయ్యేసి, పిల్లాడి వీపు నిమిరినట్టు నిమరడం మొదలెట్టినారు.

చూస్తున్నారా ఆ మనిషిని! ప్రాణమంతా దానిమీదే పెట్టుకుని, చెయ్యి చాచితే అందే ఇనపకడ్డీ ముట్టనంటున్నారు. నాకు అటు కోపం, ఇటు జాలి, రెండూ ఒకేసారి వచ్చినాయి. నేను కోరుకున్న వంటిల్లు నా కళ్ళముందుంది. నోరు మూసుకుని పళ్ళెం పట్టుకుని నిలబడితే చాలు, కిటికీతో సహా వచ్చేస్తుంది. నిలబడలేకపోయినాను. పళ్ళెం బాబాయి చేతిలో పెట్టినాను.

"ఏమండీ, నాకొకటి చెప్పండి. మీ స్పానర్లకి ఈ రోజు సెలవు. నా కత్తిపీటకో?"

మళ్ళీ నేనే అందుకున్నాను.

"తెల్లారగట్ట నుంచి గుమ్మడికాయ కోసింది, వంకాయలు కోసింది, మీ అందరి కిచిడీకి కూరలు కోసింది. అదీ ఇనుమే, అదీ పనిముట్టే. మా అత్తగారి కాలంనుంచి ఏ విశ్వకర్మ పూజకైనా దాన్ని ఎర్రగుడ్డ మీద పెట్టినారేటి? పెట్టలేదు. పెడితే మీకు భోజనాలుండవు. అంటే ఏటన్నమాట? ఈ రోజున ఆడోళ్ళ చేతికి పనిముట్టు అడ్డం లేదన్నమాట. తప్పయితే ఇన్నేళ్ళూ జరిగినట్టే, ఇంకొకటి జరిగితే ఏటి?"

నేను చెంపలేసుకుని, "తండ్రీ, అనాలనుకుంటే నన్నను, ఆయన్నేటీ అనకు" అని హేండిలు ఎత్తినాను. అబ్బో, ఏం బరువు!

కన్నంలో దోపినాను. బొటనవేలు చుట్టకూడదు, మిగతా వేళ్ళ పక్కనే పెట్టుకోవాలి. ఇంజిను ఎదురు తన్నిందంటే వేలు విరుగుతుంది. మావగారి మణికట్టు వంకరపోయింది అలాగే. అత్తగారు ఆ మణికట్టు చూపించి మరీ చెప్పేవారు. కిందనుంచి పైకి ఒక్క లాగు లాగినాను. ఏటీ లేదు. మళ్ళీ లాగినాను, గొంతు సవరించుకుంది. అప్పటిదాకా కూలబడున్న మనిషి ఎప్పుడు ఎక్కినారో సీట్లో ఉన్నారు. "చోక్ లాగినాను! ఇంకొక్కటి, ఇంకొక్కటి!" అని లోపల్నుంచి కేకలు. పట్టుచీర బొడ్లో దోపి, కొత్త వంటిల్లు తలుచుకుని, ఆ కసంతా పెట్టి లాగినాను.

డుబుడుబుడుబు అని లేచింది. బోనెట్టు సందుల్లోంచి ఇంత పొగ నా ముఖాన కొట్టింది. వీధి వీధంతా అరిచింది. బాబాయి ఒక చేత్తో హారతి తిప్పుతూ ఇంకో చేత్తో పచ్చజెండా ఊపినారు. ఎర్రచెయ్యి టక్కున లేచింది, కారు కుడిపక్కకి తిరిగి గేటు దాటింది. మా ఆయన ఏడుస్తున్నారు, అడిగితే పొగన్నారు. కలకత్తా ఆయన మాటప్రకారం దండం పెట్టి, కారుకి కాదు నాకు పెట్టి, రెండుసార్లు కిచిడీ తిని వెళ్ళిపోయినారు.

మర్నాడు పొద్దున్న వంటింట్లోకి వెళ్తే కత్తిపీట లేదు. పొయ్యి పక్కన లేదు, బియ్యం డబ్బా వెనక లేదు. ఇల్లంతా కేకలేసుకుంటూ వెతికి, షెడ్డులోకి తొంగిచూసినాను. దేవుడి ముందు స్పానర్లు తీసేసినారు. ఎర్రగుడ్డ మీద నా కత్తిపీట ఒక్కటే ఉంది. పసుపు రాయడం రాక, గ్రీజు దట్టించినట్టు దట్టించినారు. మధ్యలో బొట్టు, పైన మందారం. మా ఆయన చేతులు తుడుచుకుంటూ పక్కనే నిలబడున్నారు.

"ఈ రోజు దీనికి సెలవు" అన్నారు.

నాకు కళ్ళు నిండిపోయినాయి. అది కనపడకుండా గట్టిగా తిట్టినాను. "మరి తిండేటి? పసుపు తింటామా?"

"పద, బండుంది గదా. గోల్‌బజార్లో పూరీ తిందాం."

పెళ్ళైనాక ఆ కారులో ముందుసీట్లో కూకోవడం అదే మొదలు. ఇన్నేళ్ళూ గేటు దగ్గర నిలబడడమే గదా నా పని. తోలు పటకా వదిలి అద్దం దించుకున్నాను, గాలి బాగుంది. గోల్‌బజార్లో చేపల సందు ముందర, రిక్షాలూ ఆటోల మధ్యన, అది ఠపీమని ఆగిపోయింది. వెనకనుంచి హారన్లు. మా ఆయన నా వైపు చూసినారు, నేను ఆయన వైపు చూసినాను.

"తొయ్యకూడదు గదా, మీ అత్త రూలు" అన్నారు భయంభయంగా.

"అది నిన్నటికి" అని, చెంగు దోపుకుని దిగినాను.